కుడి భుజం మీదుగా

ఇల్లు చేరగానే నేను చేసిన మొదటి పని తలుపుని కాలితో తన్నడం. ఏడు నెలలు మూసిపెట్టిన తలుపు అది. వానలు మొదలై వారం దాటింది, చెక్క ఉబ్బిపోయి గడపని కరచుకుని కూర్చుంది. మా ఆయన తాళం తీసి, భుజంతో మెల్లగా నెడుతూ దాన్ని బుజ్జగిస్తున్నాడు. ఇరవై మూడు వేల కిలోమీటర్లు మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వచ్చిన మనిషికి బుజ్జగింపులు చూసే ఓపిక ఎక్కడుంటుంది? ఒక్క తన్ను తన్నాను. తలుపు తెరుచుకుంది, నా నడుం పట్టేసింది.

పైవాటాలో ఉండే మా వదిన, మా ఆయనకి అక్క, మెట్ల మీద నిలబడి ఇదంతా చూసింది. మేం పోయింది ఎందుకో, తెచ్చింది ఏమిటో ఆవిడకి అక్కర్లేదు. నన్ను ఎగాదిగా చూసి, "రేడియో చిక్కిపోయిందే" అంది. రేడియో అంటే నేనే. పెళ్ళయిన వారానికే ఆవిడ పెట్టిన పేరు. నాకు మాట్లాడకపోతే తోచదు, మా ఆయనకి మాట్లాడాలంటే తోచదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఏర్పాటు మా ఇద్దరికీ బాగానే కుదిరింది. వదిన మాత్రం వారానికోసారైనా "మా తమ్ముడి చెవులు తినేస్తున్నావే" అనేది. నవ్వుతూనే అనేది, నేనూ నవ్వేదాన్ని.

తిరిగొచ్చిన వాళ్ళకి ఇల్లు హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బట్టలు మూడుసార్లు ఉతికినా బకెట్లో నీళ్ళు మట్టిరంగే. బూజు పట్టిన చెప్పులు, వంటగదిలో ఏదో చచ్చిన వాసన, గోడ మీద చెమ్మ. కూర్చోవడమంటేనే విరక్తి పుట్టి, భోజనం కూడా నిలబడే చేసేదాన్ని. పడుకుంటే మంచం కదులుతున్నట్టుండేది. కళ్ళు మూస్తే రోడ్డు మీది తెల్లగీతలు వచ్చి మీద పడేవి. ఎవరో వచ్చి "ప్రయాణం ఎలా జరిగింది" అని అడిగేవాళ్ళు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టి రెండో ఊరికి చేరేలోపే వాళ్ళ కళ్ళు గోడ గడియారం మీదికి పోయేవి. ఏడు నెలల దారిని రెండు నిమిషాల్లో ఎలా చెప్తాం? చెప్పకుండా మానుకోవడం నా వల్ల అయ్యే పనా? ఒళ్ళు హూనమైపోయింది, మాటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున మా ఆయన భోజనాల బల్ల మీద పటం పరిచాడు. ఏమిటదని అడిగితే ఊరికే చూస్తున్నానన్నాడు. ఊరికే చూసే మనిషి ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చోడు. మా ఇంటి దగ్గర మొదలైన గీత కొండలు దాటి, ఇసుక నేలలు దాటి, పటం అంచు దాకా పోయింది. పదకొండు నెలలు పడుతుందట. వచ్చే వేసవికే బయల్దేరాలట.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఎముకలు ఇంకా దారిలోనే ఉన్నాయి, అవి ఇల్లు చేరేదాకానైనా ఆగండి అన్నాను. ఆయన నవ్వి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. అసలు నాకు అర్థం కానిది ఆ తొందర. ఇతరులు ఒక్కరోజులో చేసే పనికి మూడు రోజులు తీసుకునే మనిషి. టీ చల్లారాక తాగే మనిషి. అలాంటివాడు తడి బూట్లు ఆరకముందే ఇంకో ప్రయాణానికి ఎందుకు ఎగబడుతున్నాడో తెలియలేదు. రోడ్డు పిచ్చి పట్టింది అనుకున్నాను.

మా ఆయనకి వీధి చివర మోటార్లు బాగుచేసే షాపు ఉంది. నీళ్ళ పంపులు, పిండి మిల్లులు, ఐసు ఫ్యాక్టరీ, వేటి మోటారు మూలిగినా ఆయన దగ్గరికే వచ్చేది. రోగం కనిపెట్టడానికి ఆయన మీటర్లూ అవీ తీసేవాడు కాదు. బారుగా ఉండే ఒక స్క్రూడ్రైవర్ మొన తిరుగుతున్న మోటారుకి ఆనించి, దాని పిడిని కుడిచెవి పక్క ఎముకకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. లోపల బేరింగులో ఒక్క గుండు గీరుకున్నా ఆ ఇనుప కడ్డీ గుండా ఆయనకి తెలిసిపోయేది. ముప్ఫై ఏళ్ళలో ఆయన మాట తప్పిపోయింది లేదు. అందుకే ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ ఆయన్ని డాక్టరు గారనే పిలిచేవాడు.

షాపు తెరిచారని తెలియగానే ఆ మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళ పెద్ద మోటారు ఏదో తేడాగా ఉందట, వేరేవాళ్ళకి చూపించబుద్ధి కాక డాక్టరు గారి కోసం కాచుకుని ఉన్నారట. మా ఆయన వెళ్ళి విని వచ్చాడు. బాగానే ఉంది, నడుపుకోండి అని చెప్పాడట. భోజనం దగ్గర నాతో ఆ సంగతి చెబుతూ నా కుడివైపు కుర్చీ లాక్కున్నాడు. ఇన్నేళ్ళూ ఎడమవైపు కూర్చున్న మనిషి. వీధిలో నడిచేటప్పుడు కూడా నన్ను దాటుకుని అటుపక్కకి వచ్చేవాడు. టీవీ పెడితే పైవాటా దాకా వినపడేది. ఇదేం కొత్త చాదస్తం అని విసుక్కున్నాను.

మోటారు చూసి వచ్చిన ఆరో రోజున మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. మోటారు బిగుసుకుపోయింది. బేరింగు పొడిపొడి అయింది. ఐసు దిమ్మలన్నీ కరిగిపోయి, వాటి మీద పెట్టిన చేపల పెట్టెలు పారబోశారట. మేస్త్రీ గొడవ పెట్టుకుని ఉంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని. గొడవ పెట్టుకోలేదు. గుమ్మంలో తడిసిన గొడుగు పట్టుకుని నిలబడి, "డాక్టరు గారూ, ఒంట్లో ఏమైనా నలతగా ఉందా?" అని అడిగాడు. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఏమీ లేదని గొణిగాడు.

మర్నాడు భోజనం పట్టుకుని షాపుకి వెళ్ళాను. బల్ల మీద చిన్న పంపు మోటారు తిరుగుతోంది. మా ఆయన నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడి కుడిచెవి దగ్గర పెట్టుకున్నాడు. తీసి ఎడమ పక్క పెట్టుకున్నాడు. మళ్ళీ కుడి పక్క. మళ్ళీ ఎడమ. వెనక నుంచి పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. మోటారు ఆపాక కూడా పిలిచాను. నేను కుడివైపు నిలబడి ఉన్నాను.

కుర్చీ సంగతి, వీధి సంగతి, టీవీ పెద్దగా పెట్టడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. క్యారేజీ బల్ల మీద పెట్టి, ఎడమవైపుకి నడిచి వెళ్ళి, "రేపు చెవి డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను. ఆయన వాదించలేదు. చేతులు తుడుచుకుని క్యారేజీ విప్పాడు.

డాక్టరమ్మ మా ఆయన్ని ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తమంది. నేను బయటి నుంచి చూస్తున్నాను. ఎడమచెవి వంతు వచ్చినప్పుడు చెయ్యి లేస్తూ ఉంది. కుడిచెవి వంతు వచ్చింది. ఆయన ఒళ్ళో చేతులు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా ముందుకు వంగి, కదలకుండా కూర్చున్నాడు.

పరీక్ష అయ్యాక ఆవిడ మా ప్రయాణం గురించి అడిగింది. ఇంజను చప్పుడు కాదు, హెల్మెట్ కింద గాలి హోరు చెవిని తినేస్తుందని చెప్పింది. ఏడు నెలలు, బండెక్కిన రోజల్లా అయిదారు గంటలు.

"చెవుల్లో ఏమైనా పెట్టుకున్నారా?"

"స్పంజి బిరడాలు పెట్టుకున్నానండీ" అన్నాడు మా ఆయన.

"రెండు చెవుల్లోనా?"

జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది. "కుడిచెవిది తీసేసేవారండీ. నేను వెనక నుంచి మాట్లాడుతుంటే వినపడాలని."

ఆవిడ రాస్తున్న కలం ఆపి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

బయల్దేరిన మొదటి వారం ఆయన బిరడాలు రెండూ పెట్టుకునేవాడు. నేను వెనక కూర్చుని కనబడిందల్లా చెబుతూ ఉండేదాన్ని. అదిగో చూడండి, ఆ ఇంటికి కప్పు లేదు కాని తలుపుకి తాళం ఉంది. ఆ ముసలాయన గాడిదకి గొడుగు పట్టాడు, తాను తడుస్తున్నాడు. బండి ఆపాక అడిగితే ఆయనకి ఒక్కటీ వినపడలేదు. గోడకి చెప్పుకున్నట్టుంది నా బతుకు అని అలిగాను. మర్నాటి నుంచి కుడిచెవి బిరడా తీసేశాడు. నేను ఆయన కుడి భుజం మీదికి వంగి, హెల్మెట్‌కి హెల్మెట్ ఆనించి, ఇరవై మూడు వేల కిలోమీటర్లూ మాట్లాడాను. ఆయన తల ఊపేవాడు. ఒక్కోసారి నవ్వు వచ్చి బండి కొంచెం ఊగేది.

కుడిచెవి ఇక రాదని డాక్టరమ్మ చెప్పింది. ఎడమచెవికి కూడా దెబ్బ మొదలైంది, పదేళ్ళో పదిహేనేళ్ళో మెల్లగా తగ్గుతూ పోతుంది, గాలిలోనూ మోటార్ల దగ్గరా బిరడా లేకుండా తిరిగితే ఇంకా ముందే పోతుంది. చెవి మెషిను పెట్టుకుంటే మనుషుల మాటలు కొంత మెరుగ్గా వినపడతాయి కాని, ఇనుప కడ్డీలో వినే ఆ సన్న చప్పుళ్ళు ఏ మెషినూ తెచ్చి ఇవ్వదంది.

ఇంటికి వచ్చే బస్సులో నేను నోరు విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు, ఆ మర్నాడూ విప్పలేదు. ఉప్పు చాలిందా, నీళ్ళు కాగాయి, అంతే. నోరు తెరవబోతే నా గొంతంటే నాకే భయం వేసేది. వదిన మూడోరోజున కిందికి దిగివచ్చి నా నుదురు తాకి చూసింది. జ్వరం లేదని తేలాక నిలదీసింది. చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా అంటూ వచ్చిన మాట ఆవిడకీ గుర్తొచ్చింది కాబోలు, నా చెయ్యి పట్టుకుని, "నా నోటికి ఏం పోయేకాలం వచ్చిందే" అంది. ఇద్దరం వంటింట్లో నిలబడే ఏడ్చాం. ఆ నెలంతా నేను కూర్చున్నది తక్కువ.

మా ఆయన షాపుకి వెళ్ళడం మానేశాడు. పొద్దస్తమానం బల్ల దగ్గర కూర్చుని పటంలో గీతలు గీసుకునేవాడు. ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, ఎక్కడ నది దాటాలి, ఏ నెలలో మంచు కరుగుతుంది, అన్నీ అంచున చిన్న అక్షరాలతో రాసుకునేవాడు. ఒంటిచెవి మనిషికి ఈ ఉబలాటం ఏమిటని నాకు లోపల కుతకుతలాడేది. పైకి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

పది రోజులయ్యాక ఒక మధ్యాహ్నం, వాన కొడుతుంటే కిటికీలు మూయడానికి ఆ గదిలోకి వెళ్ళాను. ఆయన పెన్సిలు కింద పెట్టాడు.

"మాట్లాడవేం?"

"మాట్లాడి చేసింది చాలదా?" అన్నాను.

ఆయన పంపు మోటారు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "నాకు రెండో నెలలోనే తెలుసు. బండి ఆపాక కుడిచెవిలో హోరుమనేది. మొదట్లో పొద్దున్నకల్లా తగ్గేది. తర్వాత తగ్గడం మానేసింది."

"తెలిసీ బిరడా పెట్టుకోలేదా?"

"ఒకరోజు పెట్టుకున్నాను. ఆ రోజు నువ్వు ఏదో చెబుతూ తెగ నవ్వుతున్నావు. నవ్వు నా వీపుకి తెలుస్తోంది. మాట మాత్రం వినపడలేదు. తీసేశాను."

ఇది విని నాకు మనసు కరిగిందనుకుంటున్నారేమో. అరికాలి మంట నెత్తికెక్కింది. పది రోజులుగా బిగబట్టిన నోరు తెరుచుకుంది. నన్ను అడిగారా అన్నాను. ఒక్క ముక్క చెబితే నోరు మూసుకునేదాన్ని కదా అన్నాను. మీ చెవి మీరు నా కబుర్లకి ధారపోసేసి, చచ్చేదాకా ఆ పాపం నన్ను మోయమంటారా అన్నాను. ఎడాపెడా ఎన్ని అన్నానో. ఆయన తల తిప్పి ఎడమచెవి నా వైపు పెట్టుకుని అన్నీ విన్నాడు. నేను గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడు, "నువ్వు నోరు మూసుకుంటావనే చెప్పలేదు" అన్నాడు.

నేను పైకి వెళ్ళి వదిన మంచం మీద రెండు రోజులు పడుకున్నాను. అలక కాదు, అలసట. ఏడు నెలల అలసట ఆ రెండు రోజుల్లోనే దిగింది.

మూడోరోజున ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ తోపుడు బండి మీద ఇంకో చిన్న మోటారు వేసుకుని ఇంటికే వచ్చాడు. షాపు మూసి ఉందట. వేరే ఎక్కడికైనా తీసుకెళ్ళమని మా ఆయన గుమ్మంలోంచే చెప్పేశాడు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ పనివాడు చేతులు దాచుకోవడం నేను చూడలేకపోయాను. పదండి, షాపు తీస్తున్నాం అని మెట్ల మీద నుంచి అన్నాను.

మోటారు తిరగడం మొదలయ్యాక స్క్రూడ్రైవర్ నేను తీసుకున్నాను. మేస్త్రీ మొహమాటంగా పక్కకి చూశాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని మొనని సరైన చోట ఆనించి, పిడిని నా చెవి పక్క ఎముక మీద పెట్టి, వేలితో నొక్కి చూపించాడు. మొదట ఒట్టి రొద. కాసేపటికి రొద లోపల ఇంకేదో ఉన్నట్టనిపించింది.

"చెప్పు" అన్నాడు.

"ఇసుక జల్లెడ పడుతున్నట్టుంది."

"ఇంకా?"

"మధ్యలో ఒక గులకరాయి తగులుతోంది. తగిలి, ఆగి, మళ్ళీ తగులుతోంది. సభలో దగ్గు ఆపుకునే మనిషి ఉంటాడు చూడండి, అలాగ."

"రాయి తగిలేది ఒకే లెక్కనా, ఇష్టం వచ్చినట్టా?"

ఇరవై ఆరేళ్ళలో ఆయన నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. ఒకే లెక్కన అని చెప్పాను. పిడి అటు మార్చి, ఇటు మార్చి, వినపడిందంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. బేరింగులో గుండ్లు దొర్లే బయటి గిన్నె చిట్లింది అన్నాడు. విప్పి చూస్తే వెంట్రుకంత చీలిక. మేస్త్రీ దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసి, నాకో దణ్ణం, ఆయనకో దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత రోజూ షాపుకి ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నా నడుం నొప్పి అలాగే ఉంది.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పటం ముందు నేనే కూర్చున్నాను. వెళ్తే ఎలా వెళ్ళాలో చెప్పేశాను. రెండు చెవుల్లోనూ బిరడాలు. బండి కదిలాక నా నోటి నుంచి ఒక్క మాట రాదు. డాక్టరమ్మ చెప్పినట్టు తు.చ. తప్పకుండా.

మా ఆయన ఆలోచించలేదు కూడా. "అయితే వద్దులే" అన్నాడు. పటం మడవడం మొదలుపెట్టాడు. బెట్టు కాదు, కోపం కాదు. నిజంగానే అన్నాడు.

నిజం చెప్పాలంటే మొదట నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక నా నడుంకి విముక్తి, నా మంచం నాది, నా వంటిల్లు నాది. ఆయన పటాన్ని పాత మడతల మీదే, అంచులు కలిపి, జాగ్రత్తగా మడుస్తున్నాడు. ఆ మడత చూస్తుంటే నాకు ఆ తొందర ఎందుకో అప్పుడు తెలిసింది. పదేళ్ళో పదిహేనేళ్ళో అని డాక్టరమ్మ చెప్పకముందే ఆయనకి తెలుసు. రెండో నెలలోనే తెలుసు. ఉన్న చెవితో వినగలిగినంత వినేయాలని చూస్తున్నాడు. వినాలనుకున్నది రోడ్డుని కాదు.

పటం లాక్కుని మళ్ళీ పరిచాను. ఎర్ర పెన్సిలు తీసుకుని మా ఇంటి దగ్గర నుంచి ఆయన గీసిన గీత మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. గోరుతో కొలిచి, గోరెడు దూరానికో చుక్క.

"ఏమిటవి?"

"ఆగే చోట్లు. ముప్ఫై కిలోమీటర్లకి ఒకటి. బండి ఆపాలి. బిరడాలు తియ్యాలి. దారిలో చూసినవన్నీ నేను చెబుతాను. చెప్పడం అయ్యాక మళ్ళీ పెట్టుకుని బయల్దేరాలి."

ఆయన నోట్లో లెక్కలు వేసుకున్నాడు. "ఇలాగైతే పదకొండు నెలలు కాదు, రెండేళ్ళు పడుతుంది. ముసలాళ్ళమైపోతాం."

"ఇప్పుడేమైనా కుర్రాళ్ళమా?"

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కొంచెం జంకుతూ, "అప్పటికి ఎడమది కూడా ఎంతవరకు..." అన్నాడు.

"అందుకే" అన్నాను. "ఉండగానే చెప్పేయాలి."

ఆయన కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. నాకు వెళ్ళాలని లేదు. ఆ రోజు కూడా లేదు, ఎముకల్లో ఎక్కడా లేదు. కాని చెప్పాల్సినవి బోలెడు మిగిలిపోయాయి, వినే మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడు. కొండల దాకా చుక్కలు పెట్టి, పటం రెండో మడత విప్పాను.